పాత కోచింగ్ ఇన్ చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: జార్జ్ ఇన్ వయసెంత?

కోచింగ్ ఇన్ అంటే గుర్రాలు లాగే కోచ్ బండ్లు ఆగే పాతకాలపు సత్రం. పోయినసారి లండన్‌లో సదర్క్ అనే పేటలోని జార్జ్ ఇన్ ప్లాన్ గీయమంటే చాలామంది గ్యాలరీని బాల్కనీ అనుకుని లోపల ఇంకో కారిడార్ గీసేశారు, అందుకే ఈసారి కొత్త ఇన్ జోలికి వెళ్లట్లేదు. గ్యాలరీ అంటే దారండీ. మన పాత లాడ్జీల్లో గది తలుపు తీస్తే నేరుగా వరండాలోకి వస్తాం కదా, ఇక్కడా అంతే, చెక్క కటకటాల పక్కన నడుచుకుంటూ గదికి వెళ్లాలి, కింద చూస్తే బండ్లు ఆగే యార్డు. ఆ కారిడార్ చెరిపేయండి, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది.

ఇక అసలు చిక్కు వయసు దగ్గర. "షేక్‌స్పియర్ ఈ గ్యాలరీ కిందే కూర్చునేవాడట" అని మళ్లీ రాశారు. ఆయన పోయింది 1616లో. 1676లో సదర్క్ తగలబడింది, జార్జ్ కూడా కాలిపోయింది, ఇప్పుడు మనం చూసేది 1677లో మళ్లీ కట్టింది. ఆ స్థలంలో అంతకుముందూ ఇన్ ఉంది, నిజమే, కానీ స్థలం వయసు వేరు, గోడల వయసు వేరు. పక్కనే ఉండిన టబార్డ్ అనే ఇన్‌దీ ఇదే కథ. కవి చాసర్ రాసిన 'కాంటర్‌బరీ టేల్స్' కథల్లో యాత్రికులు బయల్దేరింది అక్కణ్ణించే, కానీ 1873లో కూల్చింది ఆ కట్టడాన్ని కాదు, అదే మంటల తర్వాత కట్టినదాన్ని. మన ఊళ్లో గుడి పాతదే అయినా గోపురం నిన్నమొన్నటిది ఉంటుంది చూడండి, అలాగన్నమాట. నేనైతే ఏ పాత కట్టడం దగ్గరికెళ్లినా ముందు అడిగేది "ఎప్పుడు కాలింది?" అనే, ఎప్పుడు కట్టారన్నది ఆ తర్వాతే.

ఇంకోటి, మెయిల్ కోచ్‌లు, అంటే టపా మోసే గుర్రబ్బండ్లు, మొదలైందే 1784లో, అంటే ఈ గోడలు వాటికంటే వందేళ్లు పెద్దవి. మెయిల్ కోచ్‌ల కోసమని కట్టింది కాదు, ఉన్న యార్డునే అవి వాడుకున్నాయి. తర్వాత రైలొచ్చింది, యార్డు రైల్వే కంపెనీ చేతికెళ్లింది, 1889లో రెండు వైపులు కూల్చేశారు, దక్షిణం వైపు మాత్రమే మిగిలింది. ఆ ఒక్క వైపూ చూస్తే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది కాబట్టి నిలబడింది. గ్యాలరీ ఉన్న కోచింగ్ ఇన్ లండన్ మొత్తంలో ఇదొక్కటే మరి.

అభ్యాసం: మిగిలిన దక్షిణం వైపు చూసి, పోయిన రెండు వైపులూ గీయండి. కోచ్ పైకప్పు మీద కూడా మనుషులు కూర్చునేవాళ్లు, వీధిలోంచి లోపలికొచ్చే దారి ఎత్తు దాన్ని బట్టి వేయండి. గుర్రాలు ఎటు వెళ్తాయి, సామాను ఎక్కడ దింపుతారు, పై అంతస్తు గదికి ఏ మెట్లెక్కి వెళ్లాలి, మూడూ బాణాలతో చూపించాలి.