డైవా, పెనాల్టీయా? మన ఊరి మ్యాచ్‌లో రిఫరీ ఎలా నిర్ణయించాలి?

విజయవాడ, గుంటూరు కాలేజీ మైదానాల్లో సెలవు రోజుల్లో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు పాత ఆటగాళ్లో, పీఈటీ మాస్టార్లో రిఫరీలుగా నిలబడుతుంటారు. అక్కడ వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయం చేసే వ్యవస్థ) ఉండదు, రీప్లే ఉండదు, ఒక్కోసారి లైన్స్‌మన్ కూడా దొరకడు. అటువంటి చోట గోల్ ముందున్న పెనాల్టీ ఏరియాలో ఫార్వర్డ్ కూలిపోయి మీ వైపు చేతులు చాచినప్పుడు, అది నిజమైన ఫౌలా, లేక ఫౌల్ జరిగినట్టు నటిస్తూ పడిపోవడమా (దీన్నే డైవ్ అంటారు) అన్నది ఎలా తేల్చాలో చూద్దాం.

పని మ్యాచ్‌కు ముందే మొదలవుతుంది. గోల్‌లైన్ నుంచి 16.5 మీటర్ల దూరంలో ఉండే పెనాల్టీ ఏరియా గీతను స్వయంగా నడిచి చూసుకోండి. గీత కూడా ఏరియాలో భాగమే కనుక దాని మీద జరిగిన ఫౌల్‌కు పెనాల్టీయే ఇవ్వాలి. దుమ్ము నేల మీద సున్నం సెకండాఫ్‌కల్లా చెరిగిపోతుంది కాబట్టి, ఆ గీతకు సూటిగా టచ్‌లైన్ (మైదానం పక్క గీత) బయట ఒక్కో కోన్ పెట్టిస్తే తరువాతి వాదనలు సగం తగ్గుతాయి.

ఆట సాగుతున్నప్పుడు బంతి వెనకాలే పరిగెత్తకండి. వెనక నుంచి చూస్తే ఇద్దరి కాళ్లూ కలిసిపోయినట్టే కనిపిస్తాయి. తగిలిందో లేదో తెలియాలంటే ఇద్దరి మధ్య సందు కనిపించేలా పక్క కోణంలో ఉండాలి.

అసలు కిటుకంతా చూపు ఎక్కడ నిలపాలన్న దానిలో ఉంది. పడిన తీరును కాదు, పడకముందు కాళ్లను చూడండి. డిఫెండర్ కాలు తగలకముందే ఫార్వర్డ్ మోకాళ్లు వంగిపోయాయా, లేక పక్కకు వెళ్లాల్సిన కాలును కావాలనే వెనక ఈడ్చి డిఫెండర్‌కు తగిలించాడా? నిజంగా కాలు తగిలి పడేవాడి చేతులు సాధారణంగా నేల మీద ఆనుకోవడానికి కిందికి పోతాయి, నటించేవాడివి తరచుగా పైకి లేస్తాయి. అయితే ఇది సూచనే తప్ప రుజువు కాదు.

ఇక్కడ మన ప్రేక్షకులకు, కొందరు రిఫరీలకు కూడా ఉన్న అపోహలు రెండు. తగిలితే చాలు ఫౌల్ అనుకోవడం మొదటిది: నిబంధన అడిగేది డిఫెండర్ అజాగ్రత్తగానో, నిర్లక్ష్యంగానో, మితిమీరిన బలంతోనో ఆడాడా అని. తగలకపోతే ఫౌల్ కాదనుకోవడం రెండోది: కాలు అడ్డుపెట్టడానికి ప్రయత్నించడం కూడా నేరమే కనుక, దాన్ని తప్పించుకోవడానికి ఎగిరి పడినవాడు నటుడు కాడు. ‘ముందు బంతిని తాకాను సార్’ అన్న డిఫెండర్ మాట కూడా అన్నివేళలా చెల్లదు.

ఆటగాడి పేరును బట్టి తీర్పు ఇవ్వకండి. 2014 ప్రపంచకప్‌లో మెక్సికో మీద చివరి నిమిషాల్లో నెదర్లాండ్స్‌కు పెనాల్టీ తెచ్చిన అర్యెన్ రాబెన్, అదే మ్యాచ్ ఫస్టాఫ్‌లో తాను ఒకసారి డైవ్ చేశానని తరువాత ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. పెనాల్టీ మాత్రం న్యాయమైనదేనన్నాడు. ఆ పెనాల్టీపై వాదన ఇంకా చల్లారలేదు. ఒకే మ్యాచ్‌లో ఒకే మనిషి పడిన రెండు సందర్భాలను కూడా వేరువేరుగానే తూచాలి.

ఈల వేసే ముందు ఒక క్షణం ఆగండి. అవకాశముంటే లైన్స్‌మన్ వైపు చూడండి. ఆపైన మీ ముందున్నవి మూడు దారులు. ఫౌల్ అని నిశ్చయమైతే పెనాల్టీ. మోసమని నిశ్చయమైతే పడినవాడికి పసుపు కార్డు, ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయడానికి వీల్లేని కిక్). రెండూ కాకపోతే ఆట కొనసాగించడం. దుమ్ములో కాలు జారి పడేవాళ్లు కూడా ఉంటారు గనుక, మన మైదానాల్లో ఎక్కువసార్లు అక్కరకు వచ్చేది ఈ మూడో దారే. ఫౌల్ కానంత మాత్రాన డైవ్ అయిపోదు.

తీర్పు ఇచ్చాక చుట్టుముట్టిన వాళ్లతో వాదించకండి. కెప్టెన్‌కు మాత్రం ఒక్క వాక్యంలో కారణం చెప్పండి. ఆట తిరిగి మొదలు కాకముందు లైన్స్‌మన్ ఇచ్చిన సమాచారంతో నిర్ణయం మార్చుకోవచ్చు. మొదలయ్యాక మార్చడానికి వీల్లేదు. మీరు ఇచ్చింది పెనాల్టీ అయితే, కిక్ కొట్టేటప్పుడు గోల్‌కీపర్ ఒక పాదంలో కొంత భాగమైనా గోల్‌లైన్‌పైన గానీ, దానికి సూటిగా గానీ, దాని వెనక గానీ ఉండాలి. మిగతా ఆటగాళ్లంతా ఏరియా బయట, బంతిని పెట్టే 11 మీటర్ల గుర్తుకు వెనక, దానికి కనీసం 9.15 మీటర్ల దూరంలో నిలబడ్డాకే ఈల వేయండి.