పసిపిల్లలకు బువ్వ ఎంత పెట్టాలి? ఎక్కడ ఆపాలి?

పావు లీటరు నీళ్లు పట్టే స్టీలు గిన్నె ఒకటి, చిన్న చెంచా ఒకటి పిల్ల కోసం విడిగా పెట్టుకోండి. పెద్దవాళ్ల కంచంలోంచి నాలుగు మెతుకులు తినిపిస్తే ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు. పాలసీసాలో జావ పోసి పట్టడం అసలే వద్దు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. నిండాక పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. మెల్లగా పెంచుకుంటూ పోతే ఎనిమిది నెలలు నిండేసరికి సగం గిన్నెకు వస్తుంది. తొమ్మిది నుంచి పదకొండు నెలల వరకు అదే సగం గిన్నె, మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. మధ్యలో ఒకటి రెండుసార్లు అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో మెత్తగా చేసి పెట్టండి. రెండేళ్ల దాకా తల్లిపాలు మానిపించకండి. తల్లిపాలు అందని పిల్లకు ఒకటి రెండు పూటలు అదనంగా పెట్టాలి.

బువ్వ గరిటెజారు కన్నా గట్టిగా ఉండాలి. మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పల్చటి చోడి (రాగి) జావ గిన్నె నిండా పట్టేసి, బాగా తాగిందని సంతోషపడతారు. ఎనిమిది కిలోల పిల్ల పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 240 గ్రాములే. అది నీళ్లతో నిండిపోతే బలం ఎక్కడినుంచి వస్తుంది? జావను ముద్దగా ఉడికించి, మెత్తటి పెసరపప్పు, చెంచాడు గానుగ నువ్వుల నూనె కలపండి. నెయ్యి వేసేవాళ్లున్నారు, అదీ మంచిదే. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి కూడా గట్టిగానే వండాలి. 2.5 కిలోల ప్యాకెట్టు ఆ పిల్లకోసం ఇచ్చింది. దాంతో ఉండలు చుట్టి ఇంటిల్లిపాదికీ పంచకండి.

ఇక అందరూ తప్పుచేసేది ఆపే దగ్గర. గిన్నెలో ఎంత వేయాలో మీరు చూసుకోండి, అందులో ఎంత తినాలో పిల్లకు వదిలేయండి. ఆకలి ఉన్న పిల్ల చెంచా రాకముందే నోరు తెరుస్తుంది, ముందుకు వంగుతుంది. చాలనుకుంటే మొహం తిప్పుతుంది, పెదాలు బిగిస్తుంది, ముద్దను బుగ్గన పెట్టుకుంటుంది. మొదటిసారి మొహం తిప్పగానే గిన్నె తీసేయకండి. కాసేపు కబుర్లు చెప్పి మళ్లీ చూపించండి. మళ్లీ తిప్పిందా, ఆ పూటకు ఆపేయండి. రెండు ముద్దలే తిన్నా సరే.

మొదటి రోజుల్లో నాలుకతో బయటికి తోసేస్తే వద్దన్నట్టు కాదు, ఇంకా మింగడం రాలేదంతే. కొత్త రుచిని ఉమ్మేసినా అంతే. ఎనిమిది, పదిసార్లు వేర్వేరు రోజుల్లో పెడితే గానీ కొందరికి అలవాటు కాదు. తినే ముందే పాలు తాగిన పిల్లకు ఆకలి ఉండదు, కనుక పాలు బువ్వ తర్వాత ఇవ్వండి.

బతిమాలండి, ఆడించండి, కానీ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు పట్టుకుని ఉగ్గు పోయకండి. ఏడుస్తున్న పిల్ల నోట్లో పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 'మా పిల్లల్ని ఇలాగే పెంచాం' అని మామ్మలు అన్నా ఒప్పుకోకండి. పిల్లను నిటారుగా కూర్చోబెట్టాలి. ఫోన్ చూపిస్తూ పెట్టే ముద్ద కూడా బలవంతపు ముద్దే. బొమ్మ మీద ధ్యాసలో పడి, కడుపు నిండిన సంగతే పిల్లకు తెలియదు.

పక్కింటి పిల్ల గిన్నెడు తింటోందని టెన్షన్ పడకండి. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి, కార్డులో బరువు గీత ఎటు పోతోందో చూడండి. పైకి పోతుంటే ఆ పిల్లకు ఆ తిండి సరిపోతున్నట్టే. అడ్డంగా సాగినా, కిందికి దిగినా ఏఎన్‌ఎమ్‌కో డాక్టరుకో చూపించండి. జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు తిండి మాన్పించకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టి, తగ్గాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టండి.