సీజీపీఏను శాతంగా మార్చే ధ్రువపత్రం: దరఖాస్తు విధానం

ఉద్యోగ నోటిఫికేషన్లు అర్హతను ఇప్పటికీ ఎక్కువగా శాతాల్లోనే అడుగుతుండగా, మన విశ్వవిద్యాలయాలు డిగ్రీ ఫలితాన్ని సీజీపీఏగా, అంటే అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటుగా ఇస్తున్నాయి. ఈ చిక్కు తీర్చేదే వాడుకలో కన్వర్షన్ సర్టిఫికెట్ అనే మార్పిడి ధ్రువపత్రం. దరఖాస్తుకు ముందు, మార్కుల మెమోలోని సీజీపీఏ అంకె ఎలా వచ్చిందో తెలిసి ఉండడం మంచిది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సూచించిన పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ (O) గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఇలా ఒక్కో పాయింటు తగ్గుతూ, సి గ్రేడుకు 5, పి గ్రేడుకు 4 పాయింట్లు ఉంటాయి. ఎఫ్ వస్తే సున్నా. ఒక్కో సబ్జెక్టు పాయింటును దాని క్రెడిట్లతో (ఆ సబ్జెక్టుకు ఇచ్చిన బరువుతో) గుణించి, వచ్చిన మొత్తాన్ని క్రెడిట్ల మొత్తంతో భాగిస్తారు. 4 క్రెడిట్ల గణితంలో సి, 1 క్రెడిట్ ల్యాబ్‌లో ‘ఓ’ గ్రేడు వచ్చిన విద్యార్థి సగటు 7.5 కాదు, 6 మాత్రమే.

శాతం లెక్క దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. సీజీపీఏను 9.5తో గుణించడం సీబీఎస్‌ఈ గతంలో తన పదో తరగతి కోసం పెట్టుకున్న సూత్రం. 91–100 మధ్య మార్కులు తెచ్చుకున్నవారి సగటు సుమారు 95 ఉండడం వల్ల ఆ అంకె వచ్చింది. దాన్ని ఇంజినీరింగ్ మెమోకు వర్తింపజేయడానికి ఆధారమేమీ లేదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్‌18 నిబంధనల్లో (2018లో చేరినవారి నుంచి వర్తించిన రెగ్యులేషన్) సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి 10తో గుణిస్తారు. ఆ ప్రకారం 6.48 సీజీపీఏ 59.8 శాతం అవుతుంది; 9.5తో గుణిస్తే 61.56 వస్తుంది. బ్యాంకు ఉద్యోగాల నియామక పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్ల ప్రకారం 59.99 శాతాన్ని కూడా 60 కంటే తక్కువగానే పరిగణిస్తారు కనుక, ఈ తేడాతో అభ్యర్థిత్వమే పోవచ్చు.

కాబట్టి ముందు మీరు చేరిన సంవత్సరానికి వర్తించే రెగ్యులేషన్ ఏదో చూసుకొని, అందులోని సూత్రంతోనే లెక్క వేయండి. దరఖాస్తును విశ్వవిద్యాలయ పరీక్షల విభాగానికి చేసుకోవాలి. స్వయంప్రతిపత్తి గల కళాశాలలో చదివినవారు మొదట తమ కళాశాల పరీక్షల విభాగాన్నే అడగాలి. ఫారం, రుసుము ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. సాధారణంగా హాల్‌టికెట్ సంఖ్య, అన్ని సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ నకళ్లు, రుసుము చెల్లించిన రసీదు జతచేయాల్సి ఉంటుంది. బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) మిగిలి ఉంటే తుది సీజీపీఏ తేలదు కాబట్టి, అవి పూర్తయ్యాకే దరఖాస్తు చేయడం మేలు.

ధ్రువపత్రం చేతికి రాగానే పేరు, హాల్‌టికెట్ సంఖ్య, దశాంశాలతో సహా సీజీపీఏ మెమోతో సరిపోలాయో లేదో అక్కడే చూసుకోండి. మార్పిడి సూత్రం కూడా అందులో రాసి ఉండాలి. బ్యాంకు ఉద్యోగాల ఇంటర్వ్యూలో అడిగేది ముఖ్యంగా ఆ సూత్రాన్నే.