సంచార కుటుంబాలకు కాగితాలు: ఏది ముందు, ఏది వెనక

ఊరి చివర డేరాలు వేసుకున్న ఇరవై ముప్పై కుటుంబాలతో పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది కుట్టుమిషన్లతోనో పొదుపు సంఘంతోనో మొదలుపెడతారు. ఆరు నెలలు తిరక్కుండానే పని ఆగిపోతుంది. ఖాతా తెరవడానికి ఆధార్ ఉండదు, హాస్టల్ సీటుకు కుల ధ్రువపత్రం ఉండదు, ఇంటి స్థలం జాబితాకు రేషన్ కార్డు ఉండదు. అందుకే ముందు కాగితాలు. ఇద్దరు మనుషులు గట్టిగా తిరిగితే ముప్పై కుటుంబాలకు ఒక వానాకాలం పడుతుంది.

వానాకాలమే ఎందుకంటే, అప్పుడే తిరుగుడు తగ్గుతుంది. ధనుర్మాసంలో గంగిరెద్దుల వాళ్లు ఉన్నచోట ఉండరు. పంట చేతికొచ్చే రోజుల్లో బుడబుక్కల వాళ్లు ఊళ్ల మీద ఉంటారు. మధ్యాహ్నం పోతే ఆడవాళ్లు కూడా దొరకరు, పూసలు పిన్నీసులు అమ్మడానికి పోయి ఉంటారు. పొద్దు పొడవకముందు గానీ, పొయ్యి వెలిగించే వేళకు గానీ పోవాలి.

మొదటి రోజు నోటుబుక్కు తీయకండి. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకలు, దొమ్మరుల లాంటి వాళ్ల పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లకెక్కాయి. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకోకుండా కదలడానికి లేదు. ఆ చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది, పుస్తకం పట్టుకొచ్చి పేర్లు రాసుకునే మనిషంటే భయం మాత్రం పోలేదు. కులపెద్దతో, పెద్ద వయసు ఆడవాళ్లతో కూర్చుని ఏ కాగితం దేనికో చెప్పండి. వాళ్లు సరేనన్నాక రాయండి. ఆ పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి, మీ దగ్గర నకలు చాలు. కుటుంబాల జాబితాను "సమాచారం కోసం" పోలీస్ స్టేషన్‌కు ఇవ్వొద్దు. ఆధార్ ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. ఇంటిపేరు, పేరు, పిలుపు పేరు, కార్డు ఉంటే దాని మీద ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా, పుట్టిన చోటు, పుట్టిన కాలం, ఏయే నెలల్లో ఏయే ఊళ్లలో తిరుగుతారు. కులం దగ్గర రెండు గడులు పెట్టండి: తాము చెప్పుకునే పేరు ఒకటి, ఊరివాళ్లు పిలిచే పేరు ఒకటి. ఈ రెండో గడి విలువ కుల ధ్రువపత్రం దగ్గర తెలుస్తుంది.

వయసు అడిగితే "ఏమో, పదేళ్లుంటయ్" అంటారు. అలా అడగొద్దు. "అమ్మా, గోదావరి పుష్కరాలప్పుడు వీడు చంకలున్నడా, నడుస్తుండెనా?" అని అడగండి. అవి 2015 జులైలో వచ్చాయి, కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో. పెద్ద నోట్లు రద్దయింది 2016 నవంబరు, లాక్‌డౌన్ పడింది 2020 మార్చి. "లాక్‌డౌన్‌ల నాకు ఏడో నెల" అని తల్లి అంటే పుట్టిన నెల దాదాపు తేలినట్టే. పెద్దవాళ్లకు 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం పనికొస్తాయి. ఒకే తల్లి పిల్లలను వరసగా నిలబెట్టి ఎవరి తర్వాత ఎవరో, మధ్యలో ఎన్ని వానాకాలాలో సరిచూడండి. ఈ పని తొందరపడి చేస్తే అన్నకూ తమ్ముడికీ మధ్య నాలుగు నెలల తేడా వస్తుంది, ఆ కాగితాన్ని ఏ ఆఫీసూ నమ్మదు.

జనన ధ్రువపత్రం దగ్గర ఎక్కువమంది చేసే తప్పు, ఇప్పుడు ఉంటున్న ఊళ్లో దరఖాస్తు పెట్టడం. పుట్టుక నమోదయ్యేది పుట్టిన చోట. బిడ్డ వేరే మండలంలో డేరాలో పుడితే అక్కడి పంచాయతీ కార్యదర్శి దగ్గరికే పోవాలి. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది. ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ముందు "రికార్డులో లేదు" అనే పత్రం తీసుకుని, ఆర్డీవో ఉత్తర్వు కోసం పోవాలి. 2023 సవరణకు ముందు చట్టం ఇందుకు ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అడిగేది, ఇప్పుడు ఆర్డీవో లాంటి కార్యనిర్వాహక మేజిస్ట్రేటుదే సరిపోతుంది. ఆశా కార్యకర్త ఇచ్చిన మాతా శిశు రక్షణ కార్డు, టీకాల చీటీ ఉంటే సగం పని అయినట్టే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ ఓటుకీ పుట్టిన తేదీ రుజువుగా ఈ ఒక్క కాగితమే చెల్లుతుంది, కాబట్టి డేరాలో ఏ గర్భిణి ఉన్నా ప్రసవం తేదీ మీ నోటుబుక్కులో ఉండాలి.

కాగితం వచ్చేదాకా బడి ఆపకండి. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌కు విరుద్ధం. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కాదు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చి విడిగా తర్ఫీదు ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. బడి రిజిస్టరులో కులం గడి ఖాళీగా వదిలేయనివ్వకండి, తప్పు పేరు రాయనివ్వకండి. రేపు అదే సాక్ష్యం.

ఆధార్‌లో మార్పులకు హద్దుంది: పుట్టిన తేదీ ఒక్కసారే, పేరు రెండుసార్లే. తేదీ తెలియక జనవరి 1 పడినవాళ్లు డేరాకు నలుగురైదుగురు ఉంటారు. జనన పత్రమో బడి రికార్డో చేతికి రాకముందే దాన్ని దిద్దించబోతే ఉన్న ఒక్క అవకాశం ఖర్చయిపోతుంది. ఇంటి రుజువు లేనివాళ్లకు నిర్ణీత నమూనాలో గెజిటెడ్ అధికారి పత్రం పనిచేస్తుంది. దానికి మూడు నెలలే గడువు, కాబట్టి ఆధార్ కేంద్రంలో తారీఖు ఖాయం చేసుకున్నాకే సంతకం పెట్టించండి. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల కొత్త నమోదుకు ప్రభుత్వ పరిశీలన ఉంటుంది, ఆలస్యం అవుతుందని ముందే చెప్పండి.

ఇక కుల ధ్రువపత్రం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే, తప్పు జరిగితే ఒక తరం నష్టపోయేదీ ఇక్కడే. తెలంగాణలో "జంగాలోళ్లం" అని చెబితే గుమాస్తా "జంగం" అని రాస్తాడు, అది బీసీ-ఏ. వాళ్లు బేడ జంగాలైతే ఎస్సీ. దాసరి బీసీ-ఏ, మాల దాసరి ఎస్సీ. ఊరు "పిచ్చకుంట్ల" అనే వాళ్లు జాబితాలో వంశరాజ్. ఎరుకల, యానాది, లంబాడీలు ఎస్టీలు. జాబితా ముందు పెట్టుకుని, ఆ కులం పేరు అక్కడ ఏ అక్షరాలతో ఉందో అవే అక్షరాలు దరఖాస్తులో రాయండి. సరిహద్దు దాటి వచ్చినవాళ్లయితే ఇంకా జాగ్రత్త: లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి (ఒకప్పటి నేరస్థ జాతుల జాబితాలోంచి తీసేసినవాళ్లు). పూర్వీకుల రాష్ట్రం ఏదో తేల్చకుండా అర్జీ పెడితే తిరిగొస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన 1993 నాటి 16వ చట్టం కింద ఈ పత్రాలు ఇస్తారు. మామూలుగా తహసీల్దారు, కొన్ని కులాలకు ఆర్డీవో. ఎవరిదో ముందే కనుక్కోండి, లేకపోతే ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది. తండ్రికి చదువు లేకపోతే బాబాయిదో మేనత్తదో పత్రం, వంశవృక్షం, బడి రికార్డు జతచేయండి. ఏదీ లేకపోతే స్థానిక విచారణ అడగండి. విచారణకు వచ్చే రోజు కులపెద్ద, పాత ఊరి నుంచి ఒకరిద్దరు పెద్దలు డేరాలో ఉండాలి. కులవృత్తి సామాన్లు, డోలో గంటో పూసల బుట్టో, దాచకుండా చూపించమనండి. సిగ్గుపడి "కూలి చేసుకుంటాం" అని చెప్పడం వల్లనే చాలా అర్జీలు పోతాయి. నోటి మాటతో తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. తిరస్కరణ కారణంతో సహా రాతలో తీసుకోండి, అది లేకుండా అప్పీలు ఉండదు.

ఓటుకు ఇంత కష్టం లేదు. ఇల్లు లేనివాళ్లు ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం 6లో తాము పడుకునే చోటు రాస్తే చాలు, నివాస రుజువు అక్కర్లేదు. బీఎల్‌వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వచ్చి మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూస్తారు, ఒక్కసారి కాదు. ఆ వారం ఎవరూ తిరుగుడుకు పోకుండా చూసుకోండి.

దారిలో పోలీసులు ఆపితే పనికొచ్చేవి డేరాలో ప్రతి పెద్దకూ తెలియాలి. పట్టుకున్న కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. విముక్త జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బీసీ-ఏ కులాలకు వర్తించదు, ఫిర్యాదు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చేతికొచ్చిన కాగితాలను ఒక్కో కుటుంబానికి మూడు సెట్లు చేయండి. అసలువి మందపాటి ప్లాస్టిక్ కవరులో, రేకు పెట్టెలో అడుగున కాకుండా పైన, ఎందుకంటే డేరాలోకి నీళ్లొచ్చినప్పుడు ముందు తడిసేది అడుగే. ఒక జిరాక్సు సెట్టు కులపెద్ద దగ్గర, ఇంకొకటి తిరుగుడుకు పోయేటప్పుడు సంచిలో.