బీరువా వెనక నల్ల బూజు: తిరుపతి అద్దె ఇంట్లో పనిచేసిన పద్ధతి

నవంబరు వానలకు బీరువా వెనక గోడంతా నల్ల బూజు. బ్లీచింగ్, కర్పూరం, పైన ఇంకో కోటు పెయింటు, ఏదీ నిలవలేదు.

ముందు అడుగు చదరం పాలిథిన్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచాలి. కవరు వెనక చెమ్మ పడితే గోడలోంచి నీరొస్తున్నట్టు, పైన, అంటే గది వైపు పడితే గదిలో తేమ. ఇక్కడ పైనే పడింది. మాస్కు కట్టుకుని, బూజును నీళ్లతో తడిపాకే గీకాలి. పొడిగా గీకితే గదంతా లేస్తుంది. తెల్ల వెనిగర్ నీళ్లు కలపకుండా చల్లి, గంటాగి తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టాలి. బ్లీచింగ్ మీద మాత్రం వెనిగర్ పడకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. చివరగా బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపాలి. అసలు మందు ఇదే, వెనక గాలి ఆడాలి.

ఇది ఎమల్షన్ పెయింటు వేసిన గోడ. సున్నం గోడను వెనిగర్ తినేస్తుంది. కవరు వెనక చెమ్మ పడితే ఈ పద్ధతి చాలకపోవచ్చు, పైపో పగులో ఓనరే బాగు చేయించాలి.