కోడి కత్తి, నైలాన్ మాంజా: పండుగకు ముందే నెత్తురు ఆపడం నేర్చుకోండి

కోడిపందాలు చట్టవిరుద్ధమని పోలీసులు ఏటా సంక్రాంతికి చెబుతారు, బరులు ఏటా వెలుస్తాయి. వెళ్లవద్దనే నేనూ అంటాను. అయినా వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోండి: 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పుంజు కాలికి కట్టిన కత్తి గజ్జల్లో దిగి, నెత్తురు పోయి ఒకాయన చనిపోయాడు. గజ్జల మీదుగా తొడలోకి వెళ్లే ధమని తెగితే ప్రాణం నిమిషాల్లోనే పోవచ్చు. మాంజాతో ముప్పు మెడకు. నైలాన్ దారాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. దారం మాత్రం ఇంకా రోడ్ల మీద వేలాడుతూనే ఉంది. బైకు నెమ్మదిగా నడపండి, మెడకు మందపాటి మఫ్లర్ చుట్టుకోండి, పిల్లలను ముందు కూర్చోబెట్టకండి.

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ముప్పావు లీటరు పోయేదాకా పైకి పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. అది దాటితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మానికి, పేగులకు వెళ్లే నాళాలు ముడుచుకుని, మిగిలిన రక్తం గుండెకూ మెదడుకూ మళ్లుతుంది. చేతులు చల్లబడడం, చెమట, దాహం, కంగారు అందుకే. ఈ దశలోనూ బీపీ మామూలుగా కనిపించవచ్చు, ముఖ్యంగా కుర్రవాళ్లలో. ‘బీపీ బాగానే ఉంది, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది’ అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఉంటాడు. ఆయన మాట వినకండి. లీటరున్నర దాటాక బీపీ పడిపోతుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. ఆక్సిజన్ అందక కణాల్లో ఆమ్లం పేరుకుంటుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆ రెండూ కలిసి రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, కారడం మరింత పెరుగుతుంది.

అందుకే నెత్తురు ధారగా కారుతుంటే ముందు మీ చెయ్యి గాయం మీద పడాలి. 108కి పక్కవారు ఫోను చేస్తారు. శుభ్రమైన గుడ్డో, అది లేకపోతే కండువానో పెట్టి బరువంతా వేసి నొక్కండి. ఆగిందా అని తీసి చూడవద్దు. తడిస్తే దాని మీదే ఇంకొకటి పెట్టండి. పసుపు, కాఫీపొడి ఇక్కడ పనికిరావు. దిగిన కత్తిని లాగకండి, దాని చుట్టూ నొక్కండి.

చేయి, కాలు అయి, నొక్కినా ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి అందులో కర్ర పెట్టి నెత్తురు ఆగేదాకా మెలితిప్పండి. సన్నటి తాడు వద్దు. కట్టిన సమయం రాసిపెట్టండి. విప్పడం ఆసుపత్రివారి పని. గజ్జల్లో ఆ కట్టు కుదరదు, గుడ్డను గాయంలోకి కుక్కి నొక్కడమే. మెడ గాయాన్నీ తెగిన చోటే నొక్కాలి, చుట్టూ బిగించకూడదు.

పడుకోబెట్టి దుప్పటి కప్పండి. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి నీళ్లు, సోడా ఏవీ తాగించవద్దు. ఆయన బీపీ మాత్రలో, రక్తం పలచబడే మాత్రలో వాడుతుంటే అంబులెన్సులోనే చెప్పండి: కొన్ని బీపీ మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు, రెండో రకం రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వదు.