హైబ్రిడ్ కారు మైలేజీ పడిపోయిందా? బ్యాటరీని అనుమానించే ముందు ఇవి చూడండి

హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుకు తోడు కరెంటు మోటారు, దానికో పెద్ద బ్యాటరీ ఉండే కారు, మైలేజీ తగ్గిందని వచ్చేవాళ్ల నోట ముందుగా వినిపించేది "బ్యాటరీ పోయిందేమో" అన్న మాటే. టైర్లలో గాలి ఎప్పుడు చూశారని అడిగితే మాత్రం జవాబు ఉండదు. బ్యాటరీ నిజంగా పాడైతే కారు సాధారణంగా ఆ సంగతి దాచుకోదు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలిస్తే పి0ఏ80 లాంటి లోపం కోడ్ కనబడుతుంది. ఏ హెచ్చరికా లేకుండా లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు తగ్గిందంటే కారణం చాలావరకు చక్రాల దగ్గరో, ఇంజను వేడి దగ్గరో, డ్రైవర్ కాలి దగ్గరో ఉంటుంది.

అసలు తగ్గిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. తెర మీద కనబడే అంకె కంప్యూటర్ వేసిన అంచనా. పంపు తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపండి, ట్రిప్ మీటరు సున్నా చేయండి, మళ్లీ అలాగే నింపినప్పుడు పోసిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించండి. వరుసగా మూడు ట్యాంకులకు ఇలా చేస్తేగాని నమ్మదగ్గ సగటు రాదు. చలికాలం లెక్కను ఎండాకాలం లెక్కతో పోల్చి కంగారు పడవద్దు. హైవే మీద వేగంగా వెళ్లినప్పుడు ఊళ్లో వచ్చినంత రాలేదని కూడా బాధపడవద్దు. హైబ్రిడ్ లాభమంతా ఆగుతూ కదిలే చోటే. గంటకు వంద దాటిన వేగంలో గాలి ఎదురుదెబ్బను ఏ మోటారూ మాయం చేయలేదు.

సమస్య: కొన్ని వారాలుగా మెల్లమెల్లగా తగ్గుతోంది

టైర్లలో గాలి. ముందు ఇదే చూడండి, ఇది చూసేదాకా మిగతావి చదవకండి. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్ చెబుతుంది. టైరు పక్కన అచ్చుపోసి ఉండేది గరిష్ఠ పరిమితి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వాతావరణం 5-6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే టైరులో సుమారు 1 పీఎస్‌ఐ తగ్గిపోతుంది. అంటే ఎండాకాలంలో సరిచూసిన కారు చలికాలానికి, పంక్చర్ ఏమీ లేకుండానే, తక్కువ గాలితో తిరుగుతుంటుంది. గాలి తక్కువైతే వెలిగే దీపాన్ని నమ్ముకోవద్దు. చాలా తగ్గాకగాని అది వెలగదు.

సమస్య: టైర్లు మార్చినప్పటి నుంచి, లేదా సర్వీసు అయినప్పటి నుంచి తగ్గింది

హైబ్రిడ్‌తో పాటు ఫ్యాక్టరీలో వచ్చే టైర్లు సాధారణంగా రోడ్డు మీద తక్కువ నిరోధంతో దొర్లే రకం. వాటి స్థానంలో చేతికందిన టైర్లు వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది, పైగా కొత్త టైరు మందం వల్ల మొదట్లో మరికొంత పోతుంది. కొలత ఒకటే అయినా రకం ఒకటే కాదు. దీనికి రిపేరు లేదు, ఈసారి కొనేటప్పుడు చూసుకోవడమే.

సర్వీసు తరువాత తగ్గితే బిల్లు మీద ఆయిల్ గ్రేడు చూడండి. 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20 అడిగే ఇంజనులో డ్రమ్ములో ఉన్న చిక్కటి ఆయిల్ పోసి పంపే చోట్లకు కొదవ లేదు. డిప్‌స్టిక్ తీసి, పై గీత దాటి పోశారేమో కూడా చూడండి.

సమస్య: కారు ఆగినా ఇంజను ఆగడం లేదు

చల్లటి ఇంజను వేడెక్కేదాకా ఆగదు, అది దాని స్వభావం. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారు వేడెక్కేలోపే గమ్యం చేరుతుంది. పనులన్నీ కలిపి ఒకే తిరుగుడులో ముగించుకోవడం తప్ప దీనికి మందు లేదు. చలికాలంలో హీటరు వేసినా ఇంజను నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే చాలా మోడళ్లలో లోపలికి వచ్చే వెచ్చదనం ఇంజనును చల్లబరిచే ద్రవానిదే, అంటే కూలెంట్‌దే.

అరగంట నడిపాక కూడా ఇదే వరస అయితే ఇంజను వేడిని బట్టి కూలెంట్‌ను ఆపే, వదిలే థర్మోస్టాట్ అనే కవాటం తెరుచుకుని ఉండిపోయిందని అనుమానించాలి. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. 80 డిగ్రీలు దాటి నిలబడాలి. హైవే ఎక్కగానే 60కో 65కో జారిపోతుంటే థర్మోస్టాట్ మార్చేయండి. ఒక్కోసారి పి0128 కోడ్ వస్తుంది, ఒక్కోసారి రాదు.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. చాలా హైబ్రిడ్లలో న్యూట్రల్‌లో ఉండగా ఇంజను నడుస్తున్నా బ్యాటరీ చార్జి కాదు. ఏసీ మాత్రం దాన్ని తాగేస్తూనే ఉంటుంది. డ్రైవ్ (డీ) గేరులోనే ఉంచి బ్రేకు తొక్కి పట్టుకోండి.

సమస్య: ఎండలో తెర మీది బ్యాటరీ గీతలు ఇట్టే పడిపోతున్నాయి, వెనక నుంచి ఫ్యాను మోత

వెనక సీటు పక్కనో కిందో జాలీ ఉన్న చిన్న రంధ్రం ఉంటుంది. బ్యాటరీ ఊపిరి అక్కడి నుంచే. దాని మీద సంచులు, దుప్పట్లు పడేస్తారు, లేదా కుక్క బొచ్చు, దుమ్ము కలిసి ఫిల్టరును మందపాటి పొరలా కప్పేస్తాయి. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దాని నుంచి తీసుకునేదీ, దానికి ఇచ్చేదీ రెండూ తగ్గించేస్తుంది. ఆ లోటు ఇంజను మీద పడుతుంది. జాలీ విప్పి, ఫిల్టరు దులిపి, ఫ్యాను రెక్కలు కూడా శుభ్రం చేయించండి. ఏడాదికోసారి చేస్తే చాలు.

సమస్య: అన్నీ సరిగానే ఉన్నాయి, బ్రేకులు "కొత్తవాటిలా" ఉన్నాయన్నారు, అయినా మైలేజీ లేదు

జాగ్రత్తగా చూడవలసింది ఇక్కడే. ఎంత తెలిసినవాణ్నయినా తిప్పలు పెట్టే కారణం ఇది: బ్రేకు పట్టేయడం. మామూలు కారులో ఇది త్వరగానే దొరికిపోతుంది. హైబ్రిడ్‌లో నెలల తరబడి దొరకదు.

ఎందుకంటే హైబ్రిడ్‌లో మీరు బ్రేకు తొక్కినప్పుడు పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. చక్రంతో తిరిగే డిస్కును నొక్కి ఆపే ప్యాడ్లకు అసలు పని పడేది గట్టిగా తొక్కినప్పుడు, లేదా వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్ల లోపుకు వచ్చాక. అందుకే ప్యాడ్లు లక్ష కిలోమీటర్లు దాటినా మందంగానే ఉండవచ్చు. మందం చూసిన మెకానిక్ "బాగున్నాయి" అని రాసి చక్రం బిగించేస్తాడు. కానీ పని లేని బ్రేకు అరగకపోయినా తుప్పు పడుతుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నుల మీద గ్రీజు ఎండిపోతుంది, బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే గాడి తుప్పుతో ఉబ్బుతుంది. తొక్కి వదిలాక ప్యాడ్ పూర్తిగా వెనక్కి రాదు, డిస్కును రాసుకుంటూనే ఉంటుంది.

రెండో మోసం ఇంకా గట్టిది. మామూలు కారులో యాక్సిలరేటర్ వదిలితే బండి ముందులా దొర్లడం లేదని కాలికి తెలిసిపోతుంది. హైబ్రిడ్ నడిపేవాళ్లకు కాలు తీయగానే వెనక్కి లాగినట్టు ఉండడం ముందే అలవాటు, కాబట్టి పట్టేసిన బ్రేకు లాగుడు అందులో కలిసిపోతుంది. ఆ రాపిడిని అధిగమించడానికి మోటారు నోరెత్తకుండా ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ గీతలు త్వరగా పడిపోతాయి, ఇంజను మాటిమాటికీ లేస్తుంది. ఇవన్నీ అచ్చం బ్యాటరీ ముసలిదైన లక్షణాలే. తప్పు లేని బ్యాటరీ మార్పించుకుని, అదే మైలేజీతో తిరిగి వచ్చేవాళ్లు ఇందుకే ఉంటారు.

పట్టుకోవడం సులువే, చేయాలన్న బుద్ధి పుట్టాలి. పావుగంట నడపండి. చివర్లో ఖాళీ రోడ్డు మీద బ్రేకు వీలైనంత తక్కువగా తొక్కుతూ మెల్లగా ఆగండి. వెంటనే దిగి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు డిస్కుల వేడి చూడండి. చేత్తో ముట్టుకోవద్దు, కాలుతుంది. ముందు రెండింటినీ ఒకదానితో ఒకటి, వెనక రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. ముందువాటిని వెనకవాటితో పోల్చి లాభం లేదు. జతలో ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. రెండూ సమానంగా కాలుతుంటే రెండూ పట్టేశాయేమో చూడాలి, వెనక చక్రాలైతే హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా చూడాలి. తరువాత చక్రం లేపి చేత్తో తిప్పండి. మోటారు ముందు చక్రాలను తిప్పే కార్లలో వాటికి గేర్ల భారం కొంత తగులుతుంది కాబట్టి పక్క చక్రంతో పోల్చే తేల్చుకోవాలి. వెనక చక్రం మాత్రం తేలిగ్గా తిరగాలి.

కాలిపర్ విప్పే ముందు ఒక హెచ్చరిక. కొన్ని హైబ్రిడ్లలో కారు ఆఫ్‌లో ఉన్నా డ్రైవర్ తలుపు తెరిస్తే చాలు, బ్రేకు పంపు మేలుకుని ఒత్తిడి పెంచుతుంది. విప్పిన కాలిపర్ నుంచి పిస్టన్ బయటికి వచ్చేస్తుంది, వేళ్లు అక్కడ ఉంటే అంతే సంగతులు. మాన్యువల్ చెప్పినట్టు ఆ పంపును పని చేయకుండా చేసి, ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టి, అప్పుడు విప్పాలి.

లోపల ఏమి కనబడుతుందంటే: ఒక పిన్ను చేత్తో లాగితే వచ్చేస్తుంది, రెండోది రాదు. వచ్చాక దాని మీద గ్రీజు గోధుమరంగు బంకలా ఉంటుంది. లోపలి ప్యాడ్ సగం అరిగి, బయటి ప్యాడ్ మీద ఫ్యాక్టరీ రంగు కూడా పోకుండా ఉంటుంది. బయటి నుంచి చక్రం సందులో చూసినవాడికి కనబడేది ఆ బయటి ప్యాడే మరి. పిన్నులు తుడిచి, గుంటలు పడి ఉంటే మార్చి, రబ్బరును పాడుచేయని సిలికాన్ బ్రేకు గ్రీజు పూయండి. పెట్రోలియం గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి కొన్నాళ్లకే మళ్లీ మొదటికి వస్తుంది. బ్రాకెట్ గాడిలో తుప్పు వైరు బ్రష్‌తో గీకి, ప్యాడ్ వేలితో తోస్తే జారేలా చేయండి. పిస్టన్ వెనక్కి పోవడానికి మొరాయిస్తే కాలిపర్ మార్చాల్సిందే.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఏడాదికోసారి పిన్నులు తీసి గ్రీజు వేయమని సర్వీసులో నోరు తెరిచి అడగాలి, అడగకపోతే చేయరు. వారానికోసారి, వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో న్యూట్రల్‌కు మార్చి బ్రేకుతోనే ఆపండి. చాలా మోడళ్లలో న్యూట్రల్‌లో మోటారు సాయం రాదు, ప్యాడ్లే పని చేసి డిస్కు మీది తుప్పును తుడిచేస్తాయి.

సమస్య: యంత్రంలో తప్పేమీ లేదు

అయితే కాలు. ఇంజను లేవకూడదన్న పట్టుదలతో నత్తనడకన నడిపించి బ్యాటరీ ఖాళీ చేస్తారు, తరువాత ఆ బ్యాటరీని నింపడానికి ఇంజను మరింత కాల్చాలి. పెట్రోలు కరెంటయి, కరెంటు మళ్లీ కదలికయ్యే ప్రతి మలుపులోనూ కొంత నష్టం. కావలసిన వేగానికి తడబాటు లేకుండా చేరుకుని, అక్కడ కాలు సడలించండి. ముందు ఎర్రదీపం కనబడితే దూరం నుంచే కాలు తీసేయండి, ఎందుకంటే మెత్తగా ఆగినప్పుడే బ్యాటరీకి ఎక్కువ తిరిగొస్తుంది. బీ మోడ్ (ఇంజను లాగుడుతో బండిని నెమ్మదింపజేసే గేరు స్థానం) పొడవాటి ఘాట్ దిగడానికి, రోజువారీ వాడకానికి కాదు.

ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్లు, గాలి కొలిచే సెన్సర్, వీల్ బేరింగ్, పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్‌లో మసి: ఇవీ కారణం కావచ్చు, కానీ చాలావరకు కోడ్‌తోనో మోతతోనో తమ ఉనికి చెప్పుకుంటాయి. వాటి వెంట ముందే పరుగెత్తనక్కర లేదు. పైవన్నీ చూశాక కూడా బ్యాటరీయే దోషి అని ఎవరైనా అంటే, కారు నడుస్తుండగా బ్యాటరీ లోపలి బ్లాకుల (సెల్ గుంపుల) మధ్య వోల్టేజీ తేడాలు స్కానర్‌లో చూపించమనండి. చూపించకుండా "వయసైపోయింది" అంటే కారు మరో చోటికి తీసుకెళ్లండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం మీరు వెళ్లకండి, అందులో వోల్టేజీ ప్రాణం తీసేంత ఉంటుంది.